అందరికన్నా వెనక

పరుగెత్తేవాళ్ళందరూ దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగిపోయాక, శ్రీరంగప్ప మొదటి రిబ్బను ముడి విప్పాడు. నిన్న సాయంత్రం కార్తిక్ మనుషులు జీపులో వచ్చి కట్టిపోయిన ఎర్ర రిబ్బను అది. బిగించడమే తెలుసు ఆ పిల్లలకు, విప్పేవాడి వేళ్ళ సంగతి ఎవరికి పట్టింది! గోరుతో గీకి, పంటితో లాగి, ఊడదీసి, చుట్టచుట్టి భుజాన వేలాడే గుడ్డసంచిలో వేసుకున్నాడు. తర్వాత ఇంకో చెట్టు. అడవిలో దారి తప్పకుండా కట్టిన ఆ రిబ్బన్లు చివరి మనిషి దాటిపోయాక ఒక్కటి కూడా మిగలకూడదు. వాటిని విప్పుకుంటూ, దారిలో ఎవరూ చిక్కుబడి పోకుండా చూసుకుంటూ, అందరికన్నా వెనక నడవడం అతని పని.

పొద్దున్నించీ ఎదలో ఏదో పట్టేసినట్టుగా ఉంది. గ్యాసని ఇంట్లో చెప్పాడు. తనకు తాను కూడా అదే చెప్పుకున్నాడు.

మనిషి ఒకప్పుడు పొడుగే. ఇప్పుడు నడుము దగ్గర వంగి, చేతికర్ర ఎత్తుకు దిగాడు. మేకలు కాసిన రోజుల్లో పెట్టుకున్న పోగులు ఎప్పుడో పోయినా, చెవుల్లో తూట్లు మిగిలాయి. కార్తిక్ ఇచ్చిన బూట్లు అటక మీదున్నాయి, కాళ్ళకు మాత్రం అవే రబ్బరు చెప్పులు. ఒంటి మీదున్న నీలం చొక్కా మోకాళ్ళ దాకా వేలాడుతోంది. దాని కథ వేరే చెప్పాలి.

కార్తిక్ హోసూరులో ఆఫీసు ఉద్యోగి. ఆదివారాలు ఇట్లా అడవుల్లో పరుగులు పెట్టడం అతనికి పిచ్చి. సముద్రం పక్కనున్న ఏదో పెద్ద అడవిలో కూడా ఒకసారి పెట్టాడట. అప్పుడు మిగిలిన చొక్కా ఇది. ముందువైపు అలలు, అలల మీద ఒక తెల్ల పక్షి. వెనకవైపు పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు. నిన్ను కూడా ఆ సముద్రం పరుగుకు పిలుచుకొని పోతానని కార్తిక్ చూసినప్పుడల్లా అంటాడు. శ్రీరంగప్ప కూడా చూసినప్పుడల్లా తలూపుతాడు. బేరిగై, హోసూరు, పెద్దాసుపత్రి పనిమీద రెండు మూడుసార్లు కృష్ణగిరి. అంతకు మించి ఆ కాళ్ళు పోయింది లేదు.

తంటా అంతా వెనకవైపు అక్షరాలతో వచ్చింది. పరుగుల భాషలో అందరికన్నా వెనక వచ్చేవాణ్ణి స్వీపరంటారట. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, బేరిగై చుట్టుపక్కల ఆ మాటకు ఉన్న అర్థం ఒక్కటే. చొక్కా తెచ్చిన రోజు కోడలు రంజిత అక్షరాలు కూడబలుక్కొని పైకే చదివింది. వింటున్న భార్య నాగక్క చేతిలో చెంబు చేతిలోనే ఉండిపోయింది. మందను తోలిన ఇంటి మనిషి, చీపురు పట్టి అడవి ఊడ్చే పనికి కుదిరాడా? కాదే, వెనక నడవడమే పని అని శ్రీరంగప్ప ఎన్ని విధాల చెప్పినా నమ్మలేదు. వెనక నడిస్తే కూలి ఎవరిస్తారు? ఊడిస్తే మాత్రం తప్పేముందత్తా అని రంజిత అన్నందుకు ఆమెతో కూడా రెండు రోజులు మాట్లాడలేదు. ఇరుగుపొరుగు అడిగితే మా ఆయన ఫారెస్టులో వాచరని చెప్పింది. అప్పటి నుంచి ఆ చొక్కాను ఉతికి, తిరగేసి, పొయ్యి పక్కన తాడు మీదే ఆరేస్తుంది. ఎండ తగలక అదెప్పుడూ పొగ వాసన కొడుతుంది.

ఆ మొండితనంతో వాదించీ వాదించీ శ్రీరంగప్పకు ప్రాణం విసిగిపోయింది. కాని లోపల గుచ్చుకునేది గుచ్చుకుంటూనే ఉంది. మేకలు అమ్మేశాక, అడవిలోకి మందలు రాకూడదని ఫారెస్టువాళ్ళు అన్నాక, అతను చేస్తున్న పని ఇదొక్కటే. అది కూడా భార్య కంటికి సిగ్గయితే ఇంక మిగిలిందేముంది?

ఈ పొద్దున ఒక వింత జరిగింది. రాగి గంజి చేతికిస్తూ, మొహం అటు తిప్పుకొని నాగక్క అంది: "గేటు కాడికి వస్తాను. ఏం ఊడుస్తావో నేనూ చూడల్ల గదా."

పరుగు ముగిసే చోటు ఊరి పక్కనున్న అడవి గేటే. చివరి మనిషిని ముందు నడిపించుకుంటూ, చేతిలో చీపురు లేకుండా, భుజాన సంచితో తాను లోపలికి వస్తాడు. అందరూ చప్పట్లు కొడతారు. అది ఆమె కళ్ళారా చూడాలి. అతనికి ఇవాళ కావలసింది అంతే.

నడిచాడు. దారి అతనికి కొత్తదా? వాళ్ళ నాయన మంద తొక్కి చేసిన దారి, తర్వాత తన మంద తొక్కిన దారి. ఇప్పుడు దానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి పెట్టారు. బండ ఎక్కే చోట ఎద పట్టు భుజంలోకి పాకింది. ఆగి, కర్ర మీద గడ్డం ఆనించి, ఊపిరి కూడదీసుకొని మళ్ళీ కదిలాడు.

బండ అవతల ఒక అమ్మాయి కూర్చుని ఉంది. బూటు విప్పి, వాచిన చీలమండ పట్టుకొని, ఏడుపు ఆపుకుంటోంది. పేరు భువన. బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డు ఊరట, హోసూరు ఫ్యాక్టరీలో పని. తోటి అమ్మాయిలు రమ్మంటే వచ్చి పేరిచ్చింది, వాళ్ళేమో ఎప్పుడో ముందుకు పోయారు. శ్రీరంగప్ప సంచిలోని ఒక రిబ్బనుతో చీలమండకు కట్టు కట్టి, కర్ర ఆమె చేతికిచ్చాడు. కర్ర లేకుండా నడవడం అతనికి అలవాటు లేదు. అయినా ఇచ్చేశాడు.

ఇద్దరూ నత్తల్లాగా కదిలారు. ఆమె నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తుంది, అతను ఆగిపోతాడు. పక్కన నడవొచ్చు కదా తాతా అని అడిగింది.

"కాదమ్మా. నీ ఎనక నేను ఉండల్ల. నా ఎనక ఎవరూ ఉండకూడదు. అదే నా పని."

ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. ఊరు వదిలి వచ్చాక తన వెనక ఒక మనిషి ఉన్నాడని ఎవరూ అనలేదంది. తర్వాత అతని చొక్కా మీది అలలు చూసి, మా సముద్రం ఇట్లా ఉండదు తాతా, ఇంత నీలంగా ఉండదు, పొద్దున పూట బూడిద రంగులో ఉంటుందని చెప్పింది. తడి ఇసుక మీద పరుగెత్తితే అడుగు పడిన చోట నీళ్ళూరతాయనీ, వెనక్కి తిరిగి చూసేలోపల అడుగులు చెరిగిపోతాయనీ చెప్పింది. అయితే మీ సముద్రం కాడ స్వీపరుతో పనే లేదన్నమాట అని శ్రీరంగప్ప నవ్వాడు. నవ్వితే ఎద నొప్పి పుట్టి సగంలోనే ఆపేశాడు.

సగం దారిలో కుంట దగ్గర కార్తిక్ వాళ్ళ జీపు ఆగి ఉంది. డ్రైవరు మురుగన్ తమిళుడు, ఎప్పుడూ పాటలు వింటూ ఉంటాడు. శ్రీరంగప్ప మొహం చూసి పాట ఆపేశాడు. దిగి వచ్చి, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయిందేమిటి పెద్దాయనా, ఎక్కు, ఇద్దర్నీ గేటు దగ్గర దించుతానన్నాడు.

శ్రీరంగప్ప జీపు వైపు చూశాడు. సీటు మెత్తగా కనిపించింది. నిజం చెప్పాలంటే అతని ఒళ్ళంతా ఆ సీటునే కోరింది. ఎక్కి కూర్చుంటే పావుగంటలో గేటు. కాని జీపులోంచి దిగే మనిషిని చూసి నాగక్క ఏమనుకుంటుంది? ఏదో ఊడ్చి, అలసిపోయి, బండెక్కి వచ్చాడనుకుంటుంది. ఆమె మళ్ళీ రాదు. ఇన్నాళ్ళకు ఒక్కసారి వస్తానంది.

"నడిచే వస్తానప్పా. ఈ పాపను ఎక్కించుకో."

తాత నడిస్తే నేనూ నడుస్తానంది భువన. మురుగన్ తల కొట్టుకొని, మీ ఇష్టమని బండి తిప్పాడు.

చివరి గుట్ట దిగడం మొదలుపెట్టేసరికి మైకు మాటలు వినబడ్డాయి. దారి పక్క చింతచెట్టు దగ్గర్నించి చూస్తే కింద గేటు, రంగు జెండాలు, జనం చిన్నగా కనిపించారు. జనానికి దూరంగా, గేటు స్తంభం పక్కన ఆకుపచ్చ చీర ఒకటి నిలబడి ఉంది. ఆ నిలబడే తీరు అతనికి తెలియనిదా? ఒక చెయ్యి నడుం మీద, మెడ కొంచెం పక్కకు. వచ్చింది! శ్రీరంగప్పకు సంతోషం ముంచుకొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కాళ్ళు మాత్రం కదల్లేదు.

"నువ్వు పోతా ఉండమ్మా. ఆడ కనపడేదే గేటు. ఈ రిబ్బను విప్పుకోని వస్తాను."

భువన తటపటాయించింది. తన వెనక అతను ఉండాలన్నాడు కదా. అదే అడిగింది.

"ఉండాను గదా. ఈణ్నించి నువ్వు కనపడతానే ఉంటావు. పో."

ఆమె కుంటుకుంటూ దిగింది. శ్రీరంగప్ప చింతకొమ్మకున్న ముడి మీద వేళ్ళు పెట్టాడు. సగం వదులైంది. తక్కిన సగం ఒక్క నిమిషం కూర్చుని విప్పుదామనుకున్నాడు. చెట్టు మొదట్లో వీపు ఆనించి, సంచి ఒళ్ళో పెట్టుకొని, చుక్కలాగా దిగిపోతున్న పిల్లనూ, అవతల ఆకుపచ్చ చీరనూ చూస్తూ కూర్చున్నాడు.

భువన గేటు దాటగానే అందరూ చప్పట్లు కొట్టారు. కార్తిక్ ఆమె మెడలో పతకం వేసి, స్వీపర్ ఎక్కడని అడిగాడు. రిబ్బన్లు విప్పుకుంటూ వెనకే వస్తున్నాడని చెప్పింది. అతను వస్తే గాని పరుగు ముగిసినట్టు కాదు. అందరూ గుట్ట వైపు చూస్తూ నిలబడ్డారు. భువన చేతిలోని కర్రను గుర్తుపట్టి, ఆకుపచ్చ చీర ఆమె దగ్గరికి వచ్చింది.

"ఆయప్ప యాడమ్మా? ఊడ్చేది ఇంకా అయిపోలేదా?"

భువనకు అర్థం కాలేదు. ఊడ్చడమేంటమ్మా అంది. "అందరికన్నా వెనక నడుస్తాడు. ఎవరూ ఒంటరిగా మిగిలిపోకుండా చూస్తాడు. నన్ను ఆయనే తీసుకొచ్చాడు."

 నాగక్క ఆ కర్ర వైపు చూసింది. తర్వాత ఎవర్నీ అడక్కుండా గేటు దాటి గుట్ట వైపు నడిచింది. కార్తిక్, మురుగన్ ఆమె వెనకపడ్డారు. దారి పొడుగునా రిబ్బన్లు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. చింతచెట్టుకున్న రిబ్బను ముడి సగం విప్పి ఉంది. దాని అవతల ఏ చెట్టుకూ రిబ్బను లేదు. చెట్టు మొదట్లో శ్రీరంగప్ప గేటు వైపు మొహం పెట్టి కూర్చుని ఉన్నాడు. నాగక్క పక్కన కూర్చుని పిలిచింది. భుజం పట్టి కదిపింది. ఆ తర్వాత పిలవలేదు.

కర్మ అయిపోయాక పోయినవాడి బట్టలన్నీ రంజిత మూట కట్టింది, ఊరవతల వదిలేసి రావాలి. నాగక్క మూట విప్పి నీలం చొక్కా బయటికి లాగింది. అది పోవాల్సిన బట్టేనని పెద్దవాళ్ళు గట్టిగా చెప్పినా చెవిన పెట్టలేదు. ఉతికింది, పిండింది, ఈసారి తిరగేయకుండా ఇంటి ముందు కంచె మీద ఎండలో ఆరేసింది. వీధిన పోయేవాళ్ళు అక్షరాలు చదివి ఇదేమని అడిగితే, మా ఆయనదని చెప్పింది. అక్షరాలు రోడ్డు వైపు, అతను ఎన్నడూ చూడని సముద్రం ఇంటి వైపు, చొక్కా గాలికి మెల్లగా ఊగుతూ ఉంది.