ప్రశ్నోత్తరాల పూట

ఆ రోజు పొద్దు పొడవకముందే డాక్టర్ అనిల్ కుమార్ హిందూపురం నుంచి కారేసుకుని ఆసుపత్రికి వచ్చేశాడు. అటెండరు చెన్నప్ప గుర్తుపట్టక, ఓపీ చీటీ తీసుకుని కూర్చోమన్నాడు. చెన్నప్పను అని లాభం లేదు. పెనుకొండ దగ్గరి ఆ చిన్న ఆసుపత్రిలో డాక్టరుగారి మొహం అంత పొద్దున్నే చూసినవాళ్లు ఎవరూ లేరు.

కారణం అసెంబ్లీ. అక్కడ డాక్టరు ఉండటం లేదనీ, కాన్పుకు వచ్చినవాళ్లను హిందూపురానికి తరిమేస్తున్నారనీ అంటున్నది వాస్తవమేనా అని ఒక ఎమ్మెల్యే ప్రశ్న వేశాడు. ‘లేదండీ’ అన్న జవాబు ఈ ఆసుపత్రి నుంచే పైకి వెళ్లింది. ఈ పూట మంత్రి దాన్ని సభలో చదవాలి. అంతవరకూ ఒక్క కేసూ గేటు దాటకూడదని జిల్లా ఆఫీసువాళ్లు ఫోన్ చేసి మరీ చెప్పారు.

నర్సు ఈశ్వరి భయమంతా లోపలి మంచం మీద ఉంది. తొలిచూలు రేఖకు కాళ్లు పొంగాయి, బీపీ దిగనంటోంది.

“అక్కా, కండ్ల ముందర మెరుపులు మెరుస్తాండాయి” అంది రేఖ, నవ్వబోతూ.

పోయినేడు ఇదే మంచం మీద కదిరమ్మ కూడా మెరుపులనే అంది. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు.

ఈశ్వరి సూది వేసి హాల్లోకి పరుగెత్తింది. హిందూపురానికి పంపాల్సిందేనంటే, డాక్టరు టీవీ మీంచి చూపు తిప్పకుండా ప్రశ్న అయిపోనిమ్మన్నాడు. టీవీలో ఏదో ఊరి బడికి గోడ కట్టారా లేదా అని సభ్యులు ఆ గోడకంటే ఎత్తుగా అరుచుకుంటున్నారు. అంబులెన్సేమో ధర్మవరం వెళ్లింది.

రేఖ అత్త హనుమమ్మ వాకిట్లో నిలబడి అడిగింది. “ఏమ్మా, ఆ టీవీలో మా కోడలికేమన్నా చెప్తాండారా?”

లోపల రేఖ చెయ్యి దానంతటది ఎగిరెగిరి పడుతోంది.

ఈశ్వరి వచ్చి టీవీకి అడ్డంగా నిలబడింది. “సార్, ఇప్పుడు పంపితే కేసు పోయిందంటారు. పంపకుంటే మనిషి పోతాది. తాళాలు చెన్నప్పకియ్యండి, మీ కారుంది గదా. మీరు రేఖ పక్కన కూర్చోండి.”

“ఫోన్ చేసి నేను యాడుండానంటే?”

“ఆ జవాబు నేను చెప్తా.”

డాక్టరు ఒక్క క్షణం తలుపులోంచి రేఖ చెయ్యి వంక చూశాడు. తాళాలు ఇచ్చేశాడు.

కారు మలుపు తిరుగుతుండగా టీవీలో మంత్రి లేచాడు. లేదండీ, డాక్టరు నిరంతరం అక్కడే అందుబాటులో ఉన్నాడని చదివాడు. వెంటనే జిల్లా ఆఫీసు ఫోను. డాక్టరున్నాడా?

“కాన్పు కేసు పక్కనే ఉండారు సార్. కదిలేదానికి లేదు.”

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ తర్వాత ఫోను మోగినప్పుడల్లా ఈశ్వరి పరుగెత్తుకొచ్చి ఎత్తింది. మంచం మీద దుప్పటి మార్చింది, మళ్లీ మార్చింది.

మధ్యాహ్నం దాటాక ఫోనులో ముందు పసిబిడ్డ ఏడుపు వినిపించింది, వెనకనుంచి డాక్టరు గొంతు. “దారిలో ఫిట్స్ వచ్చిందమ్మా. ఆపరేషన్ చేసినారు. ఇద్దరూ ఉండారు.”



ఆ తర్వాత ఆయన మెల్లిగా అడిగాడు. “నా ప్రశ్న ఏమాయ?”

“అయిపాయ సార్. మీరు ఈడే ఉండారంట.”