తోట తాడు

మతురిన్ మోకాళ్ల మీద కూర్చుని రెండో గూటాన్ని మట్టిలోకి దిగ్గొట్టాడు. తాడు బిగిసింది. దాని వెంబడి జానెడుకొక కంచె మొక్క నాటుకుంటూ పోయాడు. ఫ్రాన్సులో లువార్ నది ఒడ్డున ఈ కోట కట్టినప్పటి నుంచీ, ముప్పై ఏళ్లుగా, తోటలో ఒక్క మడి కూడా ఆ జనపనార తాడు మాట దాటలేదు. అరిగిన గోళ్లు, గూనిపోయిన నడుము. అతని ఒంట్లో సూటిగా ఉన్నదేదీ లేదు. సూటిదనమంతా తోటకే పెట్టేశాడు.

ఎదురుగా మేడ వసారాకు నలుగురు వేలాడుతున్నారు. కొత్త మతం కీర్తనలు పాడారని ఒళ్లు చీరేసేలా కొట్టి పొద్దున్నే ఉరితీశారు. వాళ్ల కాళ్ల మీదుగా కారిన నెత్తురు తెల్లరాతి గోడ మీద చారలు కట్టింది. మతురిన్ తలెత్తలేదు. తలెత్తితే వరస పోతుంది.

మధ్యాహ్నానికి సగం వరస అయ్యింది. అప్పుడు సైనికులు అయిదోవాణ్ణి ఈడ్చుకొచ్చారు. సిల్వెన్, మతురిన్ బావమరిది; చనిపోయిన భార్యకు తమ్ముడు. కోటలోని మెలికల మెట్లు అతను చెక్కినవే. పళ్లు రాలగొట్టిన నోటితోనే నవ్వాడు.

“ఇంకా గీతలేనా బావా? నా మెట్లు చూసైనా మెలిక తిరగడం నేర్చుకోలేదేం?”

“నోర్ముయ్ రా. కొత్త మతం వైపు తిరిగిన ఆ మెలికే నీ కొంప ముంచింది,” అన్నాడు మతురిన్.

తెచ్చిన తాళ్లు అయిపోయాయి. దళపతి చూపు మడి మీద పడింది.

“ముసలోడా, ఆ తాడిలా పట్రా.”

“ఇది తోట తాడు దొరా.”

“మెడకేం తెలుసురా ఏ తాడో!”

సైనికులు పగలబడి నవ్వారు. సిల్వెన్ ఎలాగూ బతకడని మతురిన్‌కు తెలుసు. కానీ భార్య తమ్ముడి మెడకు తన తాడు పడకూడదు. రెండు గూటాల దగ్గరా తాడు కోశాడు. రోజూ సాయంత్రం చుట్టినట్టే అరచేతికి నిదానంగా చుట్టుకున్నాడు. వాళ్లు ఓపిగ్గా చూస్తున్నారు. చుట్ట చేతిలోంచి తీసి, కొమ్మలు కత్తిరించే కొడవలితో ఒక్క లాగుకి పేటలన్నీ తెగేలా అడ్డంగా కోసేశాడు. జానెడేసి ముక్కలు కాళ్ల దగ్గర రాలాయి.

దళపతి కత్తి అతని మెడ పక్కన దిగింది. మతురిన్ తను నాటిన మొక్కల మీదే బోర్లాపడ్డాడు.

“బావా!” అని సిల్వెన్ అరిచాడు. అతన్ని గుర్రపు పగ్గంతో ఉరితీశారు.

మొక్కల వరస సగం దాకా సూటిగా వచ్చి ఆగిపోయింది. అది చేరాల్సిన చోట గూటం అలాగే పాతి ఉంది, దాని మెడకు జానెడు తాడు ముడి వేసి ఉంది.