సాంబారు ఒలకని క్యారేజీ

నేను ఒక నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీని. అన్నం, పప్పు, కూర, సాంబారు మోసుకుంటూ ఏ మిల్లు గేటు దగ్గరో బతుకు వెళ్ళదీయవలసినదాన్ని. నా నుదుటిరాత వేరుగా ఉంది. నేను సినిమాలో నటించాను. ఏ మూలనో కనపడీ కనపడకుండా కాదు. ఒక తల్లి ప్రాణం పోయే ఘట్టాన్ని కాసేపు ఆపి మరీ తెరనిండా నా మొహం చూపించారు.

పుట్టింది ఊరి చివర ఒక రేకుల షెడ్డులో. రేకును గుండ్రంగా కోసి, మిషను కింద పెట్టి అదిమి, గిరగిర తిరిగే చక్రానికి ఆనించి మెరుగు పెట్టి, పొట్టమీద 'అమృతభాండం' అని కంపెనీ పేరు అంటించారు. మా యజమానికి తన క్యారేజీ ఇంటింటా ఉండాలని కోరిక. ఒక సినిమా నిర్మాతకు క్లైమాక్సులో హెలికాప్టర్ ఉండాలని కోరిక. ఈ రెండు కోరికలూ ఒక హోటల్లో కాఫీ తాగుతూ కలుసుకున్నాయి. ఆయనకు హెలికాప్టర్ వచ్చింది. నేను హైదరాబాదు వెళ్ళాను.

సినిమా పేరు 'జ్వాలాకేతు'. వేసవికి విడుదల. అందులో హీరో, చనిపోతున్న తల్లి ఆఖరిసారిగా వండిన సాంబారును క్యారేజీలో పెట్టుకుని విలన్ కోటకు బయలుదేరతాడు. బండితో సహా కదిలే గూడ్సురైలు మీదుగా దూకుతాడు. విలన్ తుపాకీ పేలిస్తే నన్ను అడ్డుపెడతాడు. గుండు నాకు తగిలి వెనక్కు పోయి, పేల్చినవాడికే తగులుతుంది. అరవైమందిని కొట్టాక హీరో ఒక బండమీద కూర్చుని మూత తీస్తాడు. సాంబారు ఒక్క చుక్క ఒలకదు. తెల్లచొక్కా మీద మరక ఉండదు.

నిజం నాకు తెలుసు. అక్కడ మేము పదకొండు క్యారేజీలం. దగ్గరగా చూపించడానికి నేను. గుండు తగిలినది రబ్బరుతో చేసి వెండిరంగు పూసినది. రైలు మీద దూకినది అసలు లేనే లేదు, కంప్యూటర్లో గీశారు. ఇక సాంబారు సాంబారే కాదు. మైదా గంజిలో రంగు కలిపి గడ్డకట్టించారు. గిన్నెను తలకిందులు చేసినా కిందపడదు. మేకప్ మనిషి రోజూ పొద్దున్నే నాకు నూనె రాసి తుడిచేవాడు. హీరోగారికన్నా నా మీదే ఎక్కువసేపు పనిచేసేవాడు. అయినా ఆయన జిడ్డుకన్నా నా జిడ్డే తొందరగా వదిలేది.

సినిమా విడుదలయ్యాక కంపెనీవాళ్ళు ఒక పోటీ పెట్టారు. సినిమా ఎక్కువసార్లు చూసి టికెట్టు ముక్కలు పంపినవారికి సినిమాలో వాడిన అసలు క్యారేజీ బహుమతి. అలా నేను సామర్లకోటలో టెంట్ హౌస్ నడిపే పెంకే భాస్కరం చేతికి వచ్చాను. ఆయన పద్నాలుగుసార్లు చూశాడు. నలభై ఆరేళ్ళ మనిషి. ఊళ్ళో ఆ హీరో అభిమాన సంఘానికి పాతికేళ్ళుగా అధ్యక్షుడు. పెళ్ళిళ్ళకు కుర్చీలూ మైకులూ అద్దెకిస్తాడు గానీ, సినిమా విడుదల రోజున పెళ్ళి పెట్టుకున్నవాళ్ళకు మాత్రం ఇవ్వడు.

ఆ సంఘానికి కార్యదర్శి నూకరాజు. కాలువ గట్టు దగ్గర లేత్ మిషను పెట్టుకుని మోటారు విడిభాగాలు చేస్తాడు. ఇద్దరూ ఎనిమిదో తరగతిలో బడి ఎగ్గొట్టి అదే హీరో మొదటి సినిమాకు వెళ్ళి, ఒకే బెత్తంతో దెబ్బలు తిన్నారు. అప్పటినుంచి ఒకరి మాటను ఒకరు కాదనలేదు.

కాదన్నది నా మూలంగానే.

నాకు పూలదండ వేసి టెంట్ హౌస్ ముందు బల్లమీద కూర్చోబెట్టారు. అభిమానులు పాతికమంది చేరారు. భాస్కరం మైకు పట్టుకుని నా పరాక్రమం వర్ణిస్తున్నాడు. నూకరాజు నా మూత తీసి, అంచును బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఒరే భాస్కరం, ఈ రేకు కొబ్బరికాయ మీద పడితేనే సొట్టపోద్దిరా. గుండునెలా ఆపుద్ది?"

"సినిమాలో ఆపింది కదా."

"సరే, గుండు వదిలెయ్. సాంబారు సంగతి సెప్పు. మన ఇళ్ళల్లో ఆడోళ్ళు సంచిలో పెట్టి ఇత్తేనే సగం సంచికే పోద్ది. ఆడు రైలు మీంచి దూకాడు."

"హీరో చేతిలో ఉంటే ఒలకదు."

అందరూ నవ్వారు. నూకరాజు నవ్వలేదు. "అయీ సర్దుకుంటానురా. సినిమా అన్నాక ఉంటాయి. కానీ అమ్మ సచ్చిపోయే కాడ క్యారేజీ పేరు సూపించాడు సూడు, అది మాత్రం నాకు మింగుడుపడలేదు. మా అమ్మ పోయి మూడు నెలలు కాలేదు. ఆ సీను సూత్తా కళ్ళనిండా నీళ్ళెట్టుకున్నాను. టక్కుమని స్టీలు గిన్నె సూపించాడు. ఆ నీళ్ళు ఎక్కడికి పోవాల్రా?"

అది వినవలసిన మాట. భాస్కరం విని ఉంటే ఈ కథే లేదు. కానీ చేతిలో మైకు ఉన్న మనిషికి చెవులు సరిగా పనిచేయవు. "నీకు అభిమానం సచ్చిపోయింది నూకరాజూ. పక్కహీరో వాళ్ళు నీకు టీ పోయించారేంటి?" అన్నాడు. మైకు ఆన్‌లోనే ఉంది. కాలువ అవతలిదాకా వినపడింది.

నూకరాజు నా మూత నెమ్మదిగా పెట్టేసి వెళ్ళిపోయాడు. మర్నాటికి సంఘం ఫ్లెక్సీలో నూకరాజు బొమ్మమీద ఒక కొబ్బరిచెట్టు బొమ్మ అంటించి ఉంది.

సంఘం రెండుగా చీలింది. గుండు ఆగుతుందనేవాళ్ళు ఒకవైపు, సాంబారు ఒలుకుతుందనేవాళ్ళు ఒకవైపు. టీ కొట్టు దగ్గర ఫిజిక్సు మాస్టారిని పిలిచి అడిగారు. ఆయన మొదటి వాక్యంలోనే న్యూటన్ పేరెత్తితే, ఆయన ఏ హీరో అభిమాని అని నిలదీశారు. చివరకు పరీక్ష పెడదామని తీర్మానించారు. తుపాకీ దొరకదు గనుక గుండు సంగతి వాయిదా. సాంబారు సంగతి తేల్చాలి. ఆదివారం పొద్దున్న పది గంటలకు భాస్కరం తెల్లచొక్కా వేసుకుని, తెల్ల లుంగీ కట్టుకుని, నన్ను నిండా సాంబారుతో బండి హ్యాండిల్‌కు తగిలించుకుని కాలువ లాకుల దగ్గరనుంచి సినిమా హాలుదాకా రావాలి. ఓడినవాడు మైకులో క్షమాపణ చెప్పి సంఘం వదిలి వెళ్ళాలి. గూడ్సురైలు అవసరం లేదన్నారు. మా ఊరి ఆ రోడ్డు ఏ గ్రాఫిక్సూ అక్కరలేని రోడ్డు.

శనివారం మధ్యాహ్నం భాస్కరం భార్య సీతామాలక్ష్మి నన్ను సంచిలో వేసుకుని తిన్నగా లేత్ షెడ్డుకు పట్టుకెళ్ళింది.

"అన్నయ్యా, దీని క్లిప్పు వదులుగా ఉంది. కాస్త బిగించి పెట్టు. సంతకెళ్ళి వత్తాను."

"ఎవరికోసం బిగించాలమ్మా? మీ ఆయన గెలవడానికా?"

"నాకు గెలుపూ ఓటమీ తెలీదు. తెల్ల లుంగీ ఉతకాల్సింది నేను," అని ఆవిడ వెళ్ళిపోయింది.

నూకరాజు క్లిప్పు బిగించాడు. తరవాత నన్ను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. బల్లమీద సుత్తి ఉంది. అంచుమీద చిన్న దెబ్బ వేస్తే చాలు, మూత వంకరపోయి మర్నాడు సాంబారు ఏరై పారుతుంది. ఆయన చేయి సుత్తి మీదికే పోయింది కూడా. సుత్తిని పక్కకు జరిపి, దాని కిందనున్న పాత సైకిల్ ట్యూబు తీశాడు. కత్తితో సన్నగా, గుండ్రంగా నాలుగు రింగులు కోసి, నా మూత లోపల ఒకటి, పై మూడు గిన్నెల అడుగున ఒక్కొక్కటి అమర్చాడు. నీళ్ళు పోసి తలకిందులు చేశాడు. చుక్క రాలలేదు. ఏమీ ఎరగనట్టు తుడిచి సంచిలో పెట్టాడు.

ఆదివారం ఊరు ఊరంతా రోడ్డుమీదే ఉంది. కంపెనీ సరుకు అమ్మే డీలరు కూడా కాకినాడ నుంచి ఫోను చేతపట్టుకుని వచ్చాడు. భాస్కరం బండి తీశాడు. రెండో గోతిలోనే చెప్పు పోయింది. రైల్వే గేటు దగ్గర నేను హ్యాండిల్ మీదనుంచి ఎగిరి ఆయన మోకాలికి తగిలాను. ఆయన నన్ను చూడలేదు, లుంగీ చూసుకున్నాడు. అది తెల్లగానే ఉంది.

హాలు మెట్లమీద ఆయన నన్ను పైకెత్తి చూపించగానే డప్పులు మోగాయి. జనంలోంచి నూకరాజు నడిచివచ్చి, ఎవరూ అడగకుండానే మైకు అందుకున్నాడు.

డీలరు భాస్కరం పక్కకు చేరాడు. "మూత తీసి, కంపెనీ తయారుచేసింది తయారుచేసినట్టే ఉంది, చుక్క ఒలకలేదు అని చెప్పండి. వీడియో కంపెనీకి పంపిస్తాను. హీరోగారి పక్కన మీ బొమ్మ వేసి ఊరూరా బోర్డులు పెడతారు."

హీరో పక్కన తన బొమ్మ. పాతికేళ్ళుగా ఫ్లెక్సీల్లో హీరో కాళ్ళ దగ్గర, స్టాంపు బిళ్ళంత బొమ్మగా బతికిన మనిషి. భాస్కరం మూత తీశాడు. సాంబారు నిండుగా ఉంది. ఆయన వేలికి మూత లోపల మెత్తగా ఏదో తగిలింది. నల్లటి రింగు. అంచు ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. కొలత లేకుండా అంత గుండ్రంగా కోసే చేయి సామర్లకోటలో ఒక్కటే ఉంది.

"సంఘం సభ్యులందరికీ..." అని నూకరాజు మొదలుపెట్టాడు.

"ఆగరా," అన్నాడు భాస్కరం.

మైకు లాక్కున్నాడు. ఒకసారి డీలరు ఫోను వైపు చూశాడు. ఒకసారి పైన హీరో కటౌట్ వైపు చూశాడు. తరవాత మూత లోపలినుంచి రింగు పీకి అందరికీ కనపడేలా పట్టుకున్నాడు.

"ఇది సైకిల్ ట్యూబండి. నూకరాజు ఏసేడు. ఒలక్కుండా ఆపింది కంపెనీ కాదు, నేనూ కాదు. మొన్న ఇదే మైకులో ఆణ్ణి ఒక మాటన్నాను. అది తప్పండి. అమ్మ సంగతి ఆడు సెప్పినప్పుడు నేను ఇనలేదు."

డీలరు ఫోను జేబులో పెట్టుకుని కాకినాడ బస్సు కోసం వెళ్ళిపోయాడు. డప్పులవాళ్ళు ఇప్పుడు ఏం వాయించాలో తెలియక ఆగిపోయారు. ఇంతకీ ఎవరు గెలిచినట్టు అని ఎవరో అడిగారు. ట్యూబు లెక్కలోకి వస్తుందా రాదా అని ఇంకో వాదం పుట్టింది. అది ఇప్పటికీ తేలలేదు.

ఆ గొడవలో ఇద్దరూ పక్కకు తప్పుకుని హాలు వెనకాల మెట్లమీద కూర్చున్నారు. మధ్యలో నేను.

"నిన్న దీని మూత వంచేసుంటే గెలిచేవోడివి కదరా. ఇదెందుకు ఏశావు?"

"నువ్వు ఓడిపోతే ఆ ఏడుపు మొహం రోజూ నేను సూడాలి కదా," అన్నాడు నూకరాజు.

సాంబారు ఎటూ ఉంది. సీతామాలక్ష్మి ఇంటినుంచి ఇడ్లీలు తెచ్చింది. లుంగీకి మరక అప్పుడు పడింది.

ఏడాది తిరక్కుండా నా క్లిప్పు విరిగింది. ఇప్పుడు ఒక గిన్నెలో సీతామాలక్ష్మి ఆవాలు పోసుకుంది, ఒకదానిలో చింతపండు పెట్టుకుంది, ఒకటి ఎవరింటికో కూరతో వెళ్ళి తిరిగిరాలేదు. అడుగు గిన్నెను నేను లేత్ షెడ్డులో నట్లూ బోల్టులూ మోస్తున్నాను. తెరమీద కనపడినదాన్నని ఏ బోల్టూ నన్ను గౌరవించదు. అలవాటైపోయింది.

మళ్ళీ వేసవి వచ్చింది, హీరోగారి కొత్త సినిమా వచ్చింది. మొదటి ఆట చూసి ఇద్దరూ షెడ్డుకు వచ్చారు. నూకరాజు బాగుందన్నాడు. ఆకాశంలోంచి పడే విమానాన్ని గొడుగుతో ఆపడం తనకు నచ్చిందన్నాడు. భాస్కరం నాలోంచి ఒక బోల్టు తీసి తిప్పుతూ కూర్చుని, చివరకు అన్నాడు:

"చెల్లెలి పాడె లేచేటప్పుడు ఆడు గొడుగు కంపెనీ పేరు సూపించాడేంట్రా. నాకు ఏడుపొచ్చే టయానికి."

నూకరాజు తన గ్లాసులోని టీ సగం భాస్కరం గ్లాసులో పోశాడు.