యాభై ఎనిమిది శాతం

దోసెల పిండి రుబ్బుతూ మిక్సీ ఆపినప్పుడు వినిపించింది. కింద బేస్‌మెంట్‌లో కూర్చుని మా ఆయన గోపీకృష్ణ తన మేనేజర్ వంశీధర్ గారితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. "డేటా ఎంట్రీ మా ఆవిడ చేత చేయించా సార్. తనే తప్పు కొట్టింది. ఇంటి పనుల్లో పడి చూసుకోలేదు."

ఆరేళ్లలో అతని ఆఫీసువాళ్ల ముందు నా ప్రస్తావన రావడం అదే మొదటిసారి.

నేను కాకినాడలో ఎంటెక్ చేశాను. ఎక్కడో ముప్పై కిలోమీటర్ల అవతల హైటెన్షన్ లైను మీద పిడుగు పడితే కరెంటు పోదు, ఒక్క క్షణం పాటు వోల్టేజి కుంగుతుంది. ఇళ్లలో లైటు ఒకసారి రెపరెపలాడుతుంది, అంతే. ఫ్యాక్టరీల్లో మెషిన్లు ఆగిపోతాయి. అన్ని సబ్‌స్టేషన్లలోనూ దాన్ని పట్టుకునే మీటర్లుండవు. ఉన్న కాసిని మీటర్లను బట్టి, లేనిచోట ఎంత కుంగుతుందో అంచనా కట్టడమే నా థీసిస్. కెనడాలోని ఒషావా వచ్చాక సరిగ్గా ఆ పనే ఒక కన్సల్టింగ్ కంపెనీలో గోపీకి దొరికింది. నాకు కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ లేదన్నారు. "లెక్కలు నువ్వు చూసిపెట్టు, నేను ప్రెజెంట్ చేస్తా. మనిద్దరం వేరా ఏంటి?" అన్నాడు. వేరు కాదనుకున్నాను. బాబును డేకేర్‌లో దింపి, గిన్నెలు తోమి, లెక్కలు కట్టి, రిపోర్టులు రాసేదాన్ని. సంతకం అతనిది. ఏం చేస్తున్నారని ఎవరైనా అడిగితే "ఇంట్లో ఖాళీగానే" అనేదాన్ని. అత్తగారు జానకమ్మ గారు వచ్చిన వేసవిలో "పొద్దస్తమానం ఆ కంప్యూటరేంటమ్మా, వాడు కష్టపడుతున్నాడు చాలదా?" అంటే నవ్వి స్క్రీన్ మూసేశాను.

ఏప్రిల్‌లో ఒక కారు విడిభాగాల ఫ్యాక్టరీకి అంచనా కట్టాను. వోల్టేజి మామూలులో యాభై ఎనిమిది శాతానికి పడిపోవచ్చని తేలింది. క్లయింటుకు వెళ్లిన రిపోర్టులో మాత్రం డెబ్బై ఎనిమిది అని ఉంది. అడిగాను.

"యాభై ఎనిమిదంటే వాళ్లు మెషిన్లన్నిటికీ ప్రొటెక్షన్ పెట్టించుకోవాలి. గొడవ. అంత పిడుగు ఎప్పుడో గాని పడదులే."

"గోపీ, ఆ లెక్క మూడుసార్లు సరిచూశాను."

"ఇంట్లో కూర్చుని చెప్పడం తేలికే. మీటింగులో వాళ్ల మొహాలు చూడాల్సింది నేను."

ఆ తర్వాత నేనన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "అన్నం చల్లారిపోతోంది, తిందాం రా."

జూలైలో గాలివాన వచ్చింది. ఫ్యాక్టరీలో వోల్టేజి కుంగి, రేకులు నొక్కే ప్రెస్సు మెషిన్ ఆగింది. ఇరుక్కున్న రేకును తీయబోయిన అమ్మాయి చేతిమీదికి ఆ ప్రెస్సు మళ్లీ కదిలింది. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. పేరు రిషిత. కరీంనగర్ నుంచి వచ్చిన స్టూడెంట్, అక్కడ పార్ట్‌టైం చేస్తోంది. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో వంతులవారీగా భోజనం పంపుదామన్నారు. గురువారానికి నా పేరు రాశాను. "థాంక్స్ ఆంటీ" అని మెసేజ్ పెట్టింది. ఎడమచేత్తో టైప్ చేసి ఉంటుంది. ఫోన్ బోర్లించి పెట్టేశాను.

ఇవాళ వంశీధర్ గారు ఫోన్ చేసింది ఆ డెబ్బై ఎనిమిది ఎలా వచ్చిందని అడగడానికే. మాట్లాడడం అయ్యాక గోపీ పైకొచ్చాడు. "వినే ఉంటావు. చెప్పక తప్పలేదు. నీకు జాబ్ లేదు కదా, నీకేం పోతుంది?"

కోపం రావాలి. రాలేదు. సిగ్గేసింది. అతని అబద్ధానికి కాదు, "మా ఆవిడ చేత చేయించా" అన్న మాట చెవిన పడగానే ఒక్క క్షణం నాలో గర్వంలాంటిదేదో పొంగినందుకు.

చెయ్యి కడుక్కుని వంశీధర్ గారికి ఫోన్ చేశాను. "నేను టైపింగ్ తప్పు చేయలేదండీ. ఆ లెక్క నాదే, యాభై ఎనిమిది. ఒరిజినల్ ఫైలు పంపుతున్నాను. మార్చారని ఏప్రిల్‌లోనే చూశాను, నోరు మూసుకున్నాను. అది కూడా రాసిస్తాను."

"ఏం చేస్తున్నావో తెలుస్తోందా?" గోపీ అంటున్నాడు. "నా ఇంజనీరింగ్ లైసెన్స్ పోతుంది!"

తెలుస్తోంది. వంశీధర్ గారికి ఫైలు పంపి, రిషితకు ఫోన్ కలిపాను.

"ఆంటీ, మీరా? చెప్పండి."

"ఆంటీగా ఫోన్ చేయలేదమ్మా. ఆ ఫ్యాక్టరీ కరెంటు లెక్క కట్టిన ఇంజనీరును."

కెనడాలో నన్ను నేను ఇంజనీరునని చెప్పుకోవడం అదే మొదలు. తల దించుకుని చెప్పాను.