ఒంటిబొంగు వంతెన మీద న్యియెన్

మా అక్క సైగాన్‌లో కుట్టుపనిలో ఉంది. దాని కూతురు న్యియెన్ మెకాంగ్ పాయ పక్కన మా దగ్గరే పెరుగుతోంది. తొమ్మిదేళ్ళొచ్చినా చొక్కా బొత్తాం పెట్టుకోలేదు. చేపల పులుసు గిన్నె తెస్తే సగం నేల తాగుతుంది. తోటిపిల్లలు "బాతుపిల్లా" అని ఏడిపిస్తారు. బడి కాలువకు అవతల. మధ్యలో ఒంటిబొంగు వంతెన, బడికెళ్ళేటప్పుడు పట్టుకోడానికి కుడిపక్క ఒకటే గడ. దానిమీద నడవలేదని మా అమ్మ రోజూ పడవలో దింపేది.

జిల్లా ఆసుపత్రి డాక్టరమ్మ పిల్లను చూసింది.

"కాలు కదిలేముందు ఆ కదలిక మనసులో మెదలాలి. ఈ పిల్లకు అదే సరిగ్గా మెదలడం లేదు. మెల్లగా నేర్పండి. వంతెన మీద మాత్రం ఒంటరిగా వదలకండి," అంది.

మా అమ్మ చెవికి మొదటి ముక్కే ఎక్కింది. రోజూ పిల్లను గట్టుమీద కూచోబెట్టి కళ్ళు మూయించి, వంతెన దాటుతున్నట్టు ఊహించుకోమనేది.

"దాటావా?"

"లేదమ్మమ్మా."

"మొద్దుమొహమా, మళ్ళీ!"

నాకు ఒళ్ళు మండేది. ఆవిడతో వాదించేకంటే గోడకు చెప్పుకోవడం నయం.

వరదనీరు ఎక్కిన వారంలో ఒకరోజు పిల్ల నవ్వుతూ కళ్ళు తెరిచింది.

"కనిపించింది అమ్మమ్మా! అవతలి గట్టుదాకా!"

మా అమ్మ మురిసి ముక్కలైంది. మర్నాడు నేను పెరట్లోంచి వచ్చేసరికి న్యియెన్ నడివంతెన మీద ఉంది, దాన్ని ఎక్కించిన అమ్మ ఇవతలి గట్టుమీద ఉంది. ఆ బొంగు మీద ఒకరు దిగేదాకా రెండోవారు ఎక్కకూడదు. ఎక్కితే ఊగి ముందున్నవాళ్ళను విసిరేస్తుంది.

పిల్ల ఆగిపోయింది.

"నిన్న దాటినట్టే దాటవే!" అని అరిచింది అమ్మ.

"నిన్న దాటింది నేను కాదు అమ్మమ్మా, నువ్వు! నేను బడి గట్టుమీద నిలబడి చూశాను. నువ్వు నాకెదురుగా వచ్చావు. గడ నాకు ఎడమపక్కన ఉంది."

అమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు.

నేను నీళ్ళలోకి దూకాను. వరద నన్ను పక్కకు ఈడ్చేస్తోంది.

"కదలకు తల్లీ! నేనొస్తున్నా!"

"భయం లేదు పిన్నీ, అమ్మమ్మ చేసినట్టే చేస్తాను."

కళ్ళు మూసుకుంది. కుడిచేతిలోని గడను వదిలేసి, ఎడమచెయ్యి చాపింది. అటుపక్క ఏమీ లేదు. నేనింకా పిల్లకు చాలా దూరంలోనే ఉన్నాను.