నలుగురిలో అన్న మాట

ఆ మాట మైకులో వినపడినప్పుడు కామమ్మ పొలం గట్టు మీద, పాళెం ఆడవాళ్ళ మధ్య నిలబడి ఉంది. చుట్టూ అందరూ నవ్వారు. ఆమె కూడా సగం నవ్వింది. ఆ తర్వాతే మాట లోపలికి దిగింది.

చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, వరి కోతలైన పొలంలో కొబ్బరి పీచు చాప పరిచి క్రికెట్టు ఆడిన రోజు అది. ఉప్పుకాలువకు ఇవతల రైతుల ఊరు, అవతల ఇసుకదిబ్బల మీద చేపలు పట్టేవాళ్ళ పట్టపుపాళెం. ఊరి మునసబు పద్మనాభయ్య గారి కొడుకు రంగనాయకులు మద్రాసులో బి.ఏ. చదివి, వస్తూ వస్తూ బ్యాట్లూ ప్యాడ్లూ తెచ్చి జట్టు కట్టాడు. కాప్టెనూ అతనే. జట్టుకు ఒక మనిషి తక్కువైతే కాలువ అవతలి నుంచి కామమ్మ మొగుడు చిన్నపోలయ్యను పిలిపించాడు. వల విసిరే చెయ్యి కదా, పొలం చివరి నుంచి పోలయ్య బంతి విసిరితే తిన్నగా వికెట్ల మీదికి వచ్చేది. రంగనాయకులు ఇచ్చిన పాత తెల్లచొక్కా ఆటరోజున తప్ప ఒంటి మీద వేసేవాడు కాదు. ఉతికి, మడిచి, దూలం మీద పెట్టుకునేవాడు.

ఆ రోజు బుచ్చిరెడ్డిపాలెం జట్టు వచ్చింది. ఆట ఆఖరున బంతి ఒకటి ఆకాశానికి లేచి గట్టు వైపు వచ్చింది. పోలయ్య దాని కిందికి పరుగెత్తి రెండు చేతులూ పట్టాడు. బంతి అరచేతిలో పడింది, ఎగిరింది, నేల మీద పడింది. ఆ కాస్తలోనే ఆట పోయింది. తర్వాత మనుబోలు నుంచి తెప్పించిన మైకు ముందు గెలిచినవాళ్ళకు కప్పు ఇచ్చారు. ఓడిన కాప్టెన్‌ను కూడా రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

"ఎందుకు ఓడిపోయామో మీరంతా చూశారు. దాచేదేముంది. మా పోలయ్య చేతిలో ఏదీ నిలవదు. ఇన్నాళ్ళూ చేపలు ఎట్లా నిలిచాయో మరి" అన్నాడు రంగనాయకులు.

జనం విరగబడి నవ్వారు. పాళెం మగవాళ్ళు మాత్రం నవ్వలేదు. నావ యజమాని చెంగయ్య భుజం మీది తువ్వాలు తీసి దులుపుకుని కాలువ వైపు నడిచాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే అతని వెనక పోయారు. పోలయ్యను రమ్మని ఎవరూ పిలవలేదు.

పాళెంలో నావ ఎక్కేవాడి చేతి గురించి ఎవరూ మాట్లాడరు, అన్న మాట ఆ చేతికి అంటుకుంటుందని భయం. చేప పడకపోతే గాలి మారిందంటారు, నీరు తేటబడిందంటారు, వలలో చిల్లు ఉందంటారు. ఆడవాళ్ళు బావి దగ్గర కొట్టుకునేటప్పుడు సైతం కళ్ళు పోవాలంటారు, ఇల్లు కూలాలంటారు, చెయ్యి జోలికి మాత్రం పోరు. అటువంటి మాటను మైకులో, మూడు ఊళ్ళ జనం ముందు, మునసబు గారి ఇంటివాడు అన్నాడు.

కామమ్మకు ఇంకొకటి కూడా తెలుసు. ఆటకు ముందురోజు వల విదిలిస్తుంటే జెల్లచేప ముల్లు పోలయ్య కుడి అరచేతిలో దిగబడింది. తెల్లవారేసరికి చెయ్యి పొంగి ముడుచుకోవడం మానేసింది. ఆట మొదలవబోతుండగా పోలయ్య ఆ చేతిని రంగనాయకులుకు చూపించడం ఆమె గట్టు మీది నుంచి చూసింది. రంగనాయకులు వాపును వేలితో నొక్కి చూశాడు. ఏదో చెప్పి పొలం చివరికి చెయ్యి చూపాడు. దూరంగా నిలబడు, అక్కడిదాకా బంతి రాదులే అన్నాడట. ఆ సంగతి పోలయ్య ఇంటికొచ్చాక చెప్పాడు.

"మరి ఆ మాట చెంగయ్యన్నతో చెప్పలా?" అంది కామమ్మ.

"చెప్పినా. చినయ్యకి ముల్లు సంగతి తెలిసుంటే ఆయనే మైకులో అనుండేవాడు గదరా అన్నాడు."

మర్నాడు చెంగయ్యే గుడిసె ముందుకొచ్చి, చెయ్యి మానేదాకా ఇంటిపట్టున ఉండమని మెల్లగా చెప్పి పోయాడు. అందులో తప్పుబట్టేందుకేమీ లేదు. కొన్నాళ్ళకు వాపు తగ్గింది. ముల్లు దిగిన చోట నల్లటి చుక్క మాత్రం మిగిలింది. పోలయ్య ఒడ్డుకు పోతే నావ అప్పటికే వెళ్ళిపోయి ఉంది. మరునాడు ఇంకా పెందలాడే పోయాడు. ఆ రోజు నావ ఇంకా పెందలాడే వెళ్ళిపోయింది.

కామమ్మ మాట్లాడే మనిషి కాదు, చూసే మనిషి. చూస్తూ ఉండగా చిన్న చిన్నవి కనబడసాగాయి. పక్కింటి మస్తానమ్మ రోజూ తన చంటిబిడ్డను పోలయ్య చేతికిచ్చి నీళ్ళకు పోయేది. ఇప్పుడు చంకనేసుకునే పోతున్నది. అదేమని అడిగితే, బిడ్డ ఏడస్తాడక్కా అంది. బిడ్డ ఏడవడం లేదు, పోలయ్యకేసి చేతులు చాపుతున్నాడు. ఎవరింట్లో మంచినీళ్ళడిగినా చెంబు చేతికివ్వకుండా నేల మీద పెడుతున్నారు. పిల్లకాయలు తడి ఇసుక ఉండ చేసి "మామా, పట్టుకో" అని విసిరి పరుగెత్తుతున్నారు. మొదటిసారి పోలయ్య నవ్వుతూ పట్టుకున్నాడు. ఉండ చేతిలోనే పొడిపొడిగా రాలిపోయింది. ఆ తర్వాత మళ్ళీ అతను ఒడ్డున కూర్చోలేదు.

ఇంతలో ఒకరోజు చెంగయ్య పెద్దవల ఖాళీగా వచ్చింది. పోలయ్య ఆ నావలో లేడు. అయినా ముందటి సాయంత్రం ఆరేసిన తాడును దాటుకుంటూ పోయాడని ఎవరో గుర్తు చేసుకున్నారు. తాకినాడా అని ఒకరు అడిగితే, తాకే ఉంటాడు అని మరొకరన్నారు. సాయంత్రానికల్లా తాకాడన్నది నిజమైపోయింది.

పున్నమి తెల్లారి పాళెం కాపులు, అంటే కులపెద్దలు, పంచాయితీకి కూర్చుంటారని కబురు వచ్చింది. వాళ్ళు గనక కట్టడి చేస్తే ఈ పాళెంలోనే కాదు, పైన కింద ఏ పాళెంలోనూ పోలయ్యను నావ ఎక్కించుకోరు. సముద్రం తప్ప ఇంకో పని తెలియని మనిషి అతను. కామమ్మ చెంగయ్య గుమ్మంలో నిలబడి, దీనికి విరుగుడు లేదా అని అడిగింది. చెంగయ్య వల అల్లుతూ తలెత్తకుండానే జవాబు చెప్పాడు.

"నలుగురిలో పడిన మాట నలుగురిలోనే ఎత్తాల. అన్నోడే వచ్చి ఎత్తాల. నాకేం పగ లేదమ్మే వాడి మీద."

ఆమె బల్లకట్టు ఎక్కి కాలువ దాటింది. రంగనాయకులు వసారాలో కూర్చుని బ్యాటుకు నూనె పడుతున్నాడు. లోపల పద్మనాభయ్య గారు పడక్కుర్చీలో పత్రిక చదువుకుంటున్నారు. కామమ్మ మెట్టు కింద నిలబడి సంగతంతా చెప్పింది. తను అంతసేపు మాట్లాడటం ఆమెకే కొత్తగా ఉంది.

అతను శ్రద్ధగానే విన్నాడు. విని, కాస్త నొచ్చుకున్నాడు కూడా. ఆటలో అట్లాంటివి మామూలేనని, కాప్టెన్ అన్నాక తప్పు ఎవరిదో చెప్పాలని, చాటున గొణిగి జనం ముందు పొగిడే రకం తను కాదని, తిట్టించుకున్నవాడే మర్నాడు బాగా ఆడతాడని చెప్పుకొచ్చాడు. "అయినా నేను లేనిది అన్నానా? అందరూ చూసిందే గదా" అన్నాడు.

"బంతి పడింది అందరూ చూసినారయ్యా. చెయ్యి అన్నది మీరు."

రంగనాయకులు నూనెగుడ్డ పక్కన పెట్టాడు. "సరే, పోలయ్యను ఒకసారి పంపు. నేను బాధపడ్డానని వాడితో చెబుతాను."

"ఆయనకి చెప్పి ఏం లాభం చినయ్యా. మీరు ఒడ్డుకు రావాల. ముల్లు దిగిన చెయ్యని తెలిసి కూడా నేనే నిలబెట్టినా, తప్పు నాది అని ఒక్క మాట అనండి. ఇంకేం వద్దు."

లోపల పత్రిక చప్పుడు ఆగింది. రంగనాయకులు అటు చూసి, మళ్ళీ బ్యాటును చేతిలోకి తీసుకుని, ఉన్న నూనె మీదే మళ్ళీ నూనె రాశాడు. వస్తానులే అన్నాడు. ఏ మాట అంటాడో మాత్రం చెప్పలేదు. కామమ్మ అది గమనించింది, కానీ వస్తానన్న మనిషిని ఇంకా ఏమని అడుగుతుంది.

పోలయ్యకు ఈ సంగతి చెప్పింది. అతను గుడిసె గుంజను పట్టుకుని నిలబడి ఉన్నాడు. వేళ్ళు తెల్లబడేదాకా పట్టుకున్నాడు. ఈ మధ్య అన్నం గిన్నె పట్టుకున్నా అట్లాగే పట్టుకుంటున్నాడు.

పున్నమి తెల్లవారి దక్షిణపుగాలి లేచింది. ఒడ్డున అలలు ఒకదాని మీద ఒకటి విరుగుతున్నాయి. ఆకాశం మబ్బు లేకుండానే మసకగా ఉంది. నావలు ఇసుకలోనే ఉన్నాయి. కాపులు బోర్లించిన తెప్ప మీద కూర్చున్నారు. పాళెమంతా చుట్టూ చేరింది. పోలయ్య దూలం మీది తెల్లచొక్కా తీసి వేసుకుని వచ్చాడు. రంగనాయకులు చెప్పులు చేతబట్టుకుని, జట్టులో వాళ్ళనిద్దరిని వెంటబెట్టుకుని, చెప్పిన ప్రకారం వచ్చాడు. ఆడవాళ్ళు దారిచ్చారు.

ఆ రోజు ఏదో నవ్వులాటకు అన్నానని మొదలుపెట్టాడు. మాట మాటే గాని మనసులో ఏమీ లేదన్నాడు. అందరూ వింటున్నారు. కామమ్మ ముల్లు అనే మాట కోసం ఎదురుచూస్తున్నది. అతను ఆ మాట దగ్గరికి వచ్చాడు కూడా. "ఆ రోజు పోలయ్య చెయ్యి..." అని ఆగాడు. కాపుల ముఖాలు చూశాడు, వెనక నిలబడిన తన జట్టువాళ్ళను చూశాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు అది మైకులో వినబడిన గొంతే.

"పోలయ్య చేతికి నేను పూచీ. ఇక మీదట ఆ చేతిలో నుంచి ఏదీ జారదు. నా మాటగా రాసి పెట్టుకోండి."

జనంలో మంచి కదలిక వచ్చింది. కాపులు తలలూపారు. మునసబు గారి కొడుకు పూచీ పడ్డాక కాదనేవాళ్ళెవరు. కామమ్మకు మాత్రం వేరే వినపడింది. ఈ మనిషి తన తప్పు తన మీద వేసుకోలేక, మోయమని ఇంకొకటి తెచ్చి పోలయ్య నెత్తిన పెట్టాడు. మొదటి మాట కన్నా ఇదే బరువుగా తోచింది ఆమెకు. పోలయ్య ముఖం వెలిగిపోతున్నది. ఎన్నాళ్ళకో నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమె నోరు మెదపలేదు.

"అయ్య పూచీ పడినాక ఇంకేముండాది" అన్నాడు చెంగయ్య లేచి. "ఈ పొద్దు తాడు నువ్వే ఇయ్యి పోలయ్యా. అందరూ చూస్తారు."

పెద్దవల వేసేటప్పుడు తాడు ఒక కొస ఒడ్డున మగవాళ్ళ చేతుల్లో ఉంటుంది. మిగతా తాడు నావలో చుట్టలు చుట్టి ఉంటుంది. నావ అలలు దాటి లోపలికి పోతుంటే, వెనక కూర్చున్నవాడు దాన్ని చేతుల మీదుగా జారవిడుస్తూ పోతాడు. అల నావను ఎత్తినప్పుడు తాడు గుంజుతుంది. అప్పుడు చెయ్యి వదిలేయాలి, లేకుంటే తాడు మనిషినే లాక్కుపోతుంది. గుంజు తగ్గాక మళ్ళీ అందుకోవాలి. తాడిచ్చేవాడి పనితనమంతా వదలడంలోనే ఉంది. పోలయ్య చిన్నప్పటి నుంచి చేసిన పనే అది.

నావను నెట్టారు. రంగనాయకులు నీళ్ళ అంచున నిలబడి చప్పట్లు కొట్టాడు, ఆటలో కొట్టినట్టే. జట్టువాళ్ళూ కొట్టారు. మొదటి అల నావను ఎత్తింది. పోలయ్య చేతులు వాటంతటవే తెరుచుకున్నాయి. తాడు సర్రున జారింది. జారవలసినంతే జారింది.

ఒడ్డున ఎవరో కుర్రవాడు "జారె, జారె" అన్నాడు. కొందరు నవ్వారు.

"పట్టు పోలయ్యా, గట్టిగా పట్టు. నా మాట పోనీకు" అని కేకేశాడు రంగనాయకులు, నవ్వుతూనే.

పోలయ్య ఒడ్డు వైపు తలతిప్పి చూశాడు. నావలో తెడ్లు వేసేవాళ్ళు ముందుకు, అలల కేసి చూస్తున్నారు. ఒడ్డున తాడు పట్టినవాళ్ళు కాళ్ళ కింద జారే ఇసుకను చూసుకుంటున్నారు. కామమ్మ ఒక్కతే అతని చేతులను చూస్తున్నది. అతను తాడును ఎడమచేత్తో పైకి తీసి, కుడి మణికట్టు చుట్టూ ఒక చుట్టు చుట్టాడు. ఇంకో చుట్టు చుట్టాడు. తర్వాత ఆ చేతిని, అందరికీ కనబడేట్టు, కాస్త పైకెత్తాడు.

"వదులు" అంది కామమ్మ. తర్వాత నీళ్ళలోకి పరుగెత్తుతూ అరిచింది. "తాడు వదులయ్యా, వదులు."

జనం తిరిగి ఆమెను చూశారు. పెళ్ళామే మొగుణ్ణి వదలమంటున్నదేమని మస్తానమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. భయపడకు కామమ్మా, నేనున్నాను గదా అని రంగనాయకులు ఆమె భుజం పట్టబోయాడు. ఆమె అతన్ని తోసుకుని వెనక్కి మళ్ళి, ఒడ్డున తాడు పట్టిన మగవాళ్ళ మీద పడింది. మీరైనా వదలండి, చేతికి చుట్టుకున్నాడు, వదలండి అని వాళ్ళ వేళ్ళు ఊడదీయబోయింది. అలల హోరులో వాళ్ళకు సగమే వినపడింది. ఈ ఒక్క రోజూ తాడు జారకూడదని వాళ్ళు మడమలు ఇసుకలో దిగేసి ఇంకా బిగించి పట్టుకున్నారు.

అవతల పెద్ద అల లేచింది. నావ ముక్కు ఆకాశం వైపు తిరిగింది. తెడ్లవాళ్ళు కనబడటం మానేశారు. పోలయ్య చొక్కా ఒక్కటే తెల్లగా కనబడింది. తాడు సముద్రంలో నుంచి పైకి లేచి, నీళ్ళు కారుతూ, గీత గీసినట్టు తిన్నగా బిగుసుకుంది.