తొందరపడే నిమిషం

"అమ్మాయ్, నీ బ్యాంకు కార్డు ఒకసారి తీసుకురా."

పెళ్లయిన పదకొండేళ్లలో మామగారు నన్ను అడిగినవి మంచినీళ్లు, తడిగుడ్డ, సూదిలో దారం. కార్డు అడగడం అదే మొదలు. చేతులు తుడుచుకుని ఆయన గదిలోకి వెళ్లాను.

కంప్యూటర్ తెరంతా ఎర్రగా ఉంది. మధ్యలో డాలు బొమ్మ. దాని కింద, మీ కంప్యూటర్లో నలభై మూడు వైరస్‌లున్నాయి, పూర్తి రక్షణ కొనకపోతే ఫైళ్లన్నీ చెరిగిపోతాయి అని రాసి ఉంది. ఆ కింద ఒక గడియారం వెనక్కి నడుస్తోంది. ఇంకా గంటా యాభై రెండు నిమిషాలు.

"ఫైళ్లన్నీ అంటే మీ పుస్తకం కూడానా, మామయ్యగారూ?"

ఆయన తలూపారు.

నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి. చూపు మందగించాక దుకాణం మూసేసి, పాత గోడ గడియారాల మరమ్మతు గురించి పుస్తకం మొదలుపెట్టారు. మూడేళ్లుగా ఒక్క వేలితో టైపు చేస్తున్నారు. రెండువందల పది పేజీలు, చేత్తో గీసిన బొమ్మలు. శుక్రవారం అచ్చాఫీసుకి ఇవ్వాలి. ఇది జరిగింది బుధవారం. ఇంకో కాపీ లేదు. తీసి పెడతానని నేను రెండుసార్లు అన్నాను. "పూర్తికానిదాన్ని రెండు చేస్తే తప్పులూ రెండవుతాయి" అని తోసేశారు.

అత్తయ్య గుమ్మంలో నిలబడింది. "గడియారం కనిపిస్తే చాలు, ఏం చెప్పినా నమ్మేస్తారు. నేను మొత్తుకుంటే మాత్రం చెవికెక్కదు."

"నువ్వు సరైన టైముకి మోగవు మరి" అన్నారాయన, తెర మీంచి చూపు తిప్పకుండానే.

నేను కార్డు తేలేదు. కాలేజీలో నేను చదివింది వృక్షశాస్త్రం. తెలియని మొక్క దొరికితే ముందు దాని ఆకులూ కాడా చూసి రాసుకోవాలి, పేరు తర్వాత. ఆ అలవాటు నన్ను కుర్చీ లాక్కుని కూర్చోబెట్టింది.

తెర మీద దేన్నీ నొక్కకుండా చూశాం. కాసేపటికోసారి ఆ డాలు దానంతట అదే తనిఖీ చేస్తోంది. లక్షకు పైగా ఫైళ్లు నలభై సెకన్లలో చూసేశానంటోంది. మళ్లీ నలభై మూడే, అదే వరసలో. ఆ జాబితాలో మూడు వైరస్‌లు సీడీ డ్రైవులో ఉన్నాయట. మీట నొక్కితే సీడీ పెట్టే పళ్లెం బయటికొచ్చింది. అందులో దుమ్ము తప్ప ఏమీ లేదు.

"ఖాళీ పళ్లెంలో పురుగులా!" అంది అత్తయ్య, దగ్గరికి వచ్చి.

నెట్ వైరు పీకేశాను. అయినా తర్వాతి తనిఖీలో, కొత్త వైరస్‌ల వివరాలు ఇప్పుడే ఇంటర్‌నెట్ నుంచి తెచ్చుకున్నానని చెప్పింది. నాకు భయం తగ్గి ముచ్చటేసింది. ఇంత ధీమాగా అబద్ధమాడేదాన్ని ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు.

మామగారు మాత్రం ఇవేవీ వింటున్నట్టు లేదు. చేతి గడియారం విప్పి తెర పక్కన పెట్టుకుని, రెంటినీ మార్చి మార్చి చూస్తున్నారు. మూడుసార్లు లెక్కపెట్టారు.

"అమ్మాయ్, దీని నిమిషంలో యాభై సెకన్లే ఉన్నాయి."

"అంటే?"

"తొందరపెట్టడానికి ముల్లు ముందుకి తోశాడు, వెధవ." ఆయన గొంతులో పదును తిరిగొచ్చింది. "గడియారం చెడిపోతే నాకు జాలేస్తుంది. కావాలని చెడగొడితే ఊరుకోను. అసలిది లోపలికెలా వచ్చింది?"

ఆ జవాబు ఆయన దగ్గరే ఉంది. ఏ గడియారం విప్పినా, ఏ మరమేకు ఎప్పుడు తీశారో నోటు పుస్తకంలో రాయడం దుకాణంలో ఆయన పద్ధతి. కంప్యూటర్‌కీ అలాగే రాస్తారు. సోమవారం పేజీ తీశాం.

"4.20. లోలకం వీడియో చూడబోగా ప్లేయర్ కావాలన్నది. సరే అని నొక్కితిని. 5.05. రెండు రక్షణలు కలిసి ఉండరాదని డాలు చెప్పినది. పాతది ఆపితిని."

"పాతదంటే?"

"అబ్బాయి పెట్టింది" అన్నారు, కాస్త నెమ్మదిగా.



డాలు పేరు ఫోన్లో వెతికాను. నకిలీ యాంటీవైరస్ అని చాలామంది రాశారు. దాని కిటికీలో ఏది నొక్కినా, మూసే గుర్తుతో సహా, దాని పనే జరుగుతుందట. కాబట్టి పవర్ బటన్‌తోనే ఆపి, సేఫ్ మోడ్‌లో తెరిచాను. అంటే తప్పనిసరి భాగాలు మాత్రమే నడుస్తాయి.

"గంట కొట్టే చక్రాలు తీసి పక్కన పెట్టి, ఉత్త నడక చూసినట్టన్నమాట" అన్నారు మామగారు.

ఎరుపు రాలేదు. ముందు పుస్తకాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీశాను. తర్వాత ప్రోగ్రాముల జాబితాని తేదీల వారీగా పేర్చాను. సోమవారం తేదీతో రెండే పేర్లు. ఒకటి ప్లేయర్, రెండోది దాని వెంటే వచ్చిన డాలు. ఆ నోటు పుస్తకం లేకపోతే నేను ప్లేయర్ జోలికి వెళ్లేదాన్నే కాదు. అది మారుమాట లేకుండా పోయింది. డాలు మాత్రం, నిజంగానే తీసేస్తారా, తర్వాత మీ ఇష్టం, ఇంకోసారి ఆలోచించండి అని మూడుసార్లు అడిగింది.

"వెళ్లే చుట్టం గుమ్మంలో నిలబడి ఎన్ని కబుర్లో" అంది అత్తయ్య.

కంప్యూటర్ తెరవగానే మొదలయ్యేవాటిలోనూ దాని పేరుంటే తీసేసి, మామూలుగా తెరిచాను. ఎప్పటి నీలం తెర. నెట్ వైరు పెట్టి, మావారు పెట్టిన పాత రక్షణని మళ్లీ నడిపించి, అప్‌డేట్ చేసి, మొత్తం తనిఖీకి పెట్టాను. పెన్‌డ్రైవ్‌ని కూడా అందులో చేర్చాను.

అది భోజనాలయ్యేదాకా సాగింది. మామగారు కంచం అక్కడికే తెప్పించుకున్నారు. పెద్ద ఫైలు దగ్గర అది ఆగిపోతే, "చూశావా, ఆలోచిస్తోంది" అని మురిసిపోయారు. చివరికి డాలు వదిలిపోయిన ముక్కలు రెండు దొరికాయి. వాటినీ తీసేసింది. పెన్‌డ్రైవ్‌లో ఏమీ లేదంది.

అప్పటిదాకా ఆయన పుస్తకం తెరవలేదు. ఇప్పుడు తెరిచి, మొదటి పేజీ కాదు, నూట పద్దెనిమిదో పేజీకి వెళ్లారు. లోలకం బొమ్మ ఉంది. పళ్ల చక్రం పక్కన ఆయన రాసిన కొలతలూ ఉన్నాయి. ఒక్కొక్కటే వేలితో చూసుకుంటుంటే నేను గిన్నెలు సర్దడానికి వెళ్లాను.

"అమ్మాయ్!"

తడి చేతులతోనే వచ్చాను. నోటు పుస్తకం తెరిచి ఉంది. టైము వేసి, డాలు తీసివేయబడినది అని రాశారు. సిరా ఇంకా ఆరలేదు.

"అలాంటి పెన్‌డ్రైవ్ ఇంకోటి ఉందా?" అన్నారు, నా వైపు చూడకుండా.